జేమఖ్ట్ ఎక్కడ పుట్టిందో

పిస్కాటవే, గురువారం రాత్రి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇవాళ మా భాషాశాస్త్రం డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మా సీనియర్ కిరణ్ అన్న 'జేమఖ్ట్' అనే డచ్ మాట పుట్టుక గురించి వ్యాసం చదివాడు. జే అంటే సముద్రం, మఖ్ట్ అంటే బలం, కలిపితే నౌకాదళం. ఆ వ్యాసం నాది. వేసవిలో చదివి చెప్పమని నేనే ఇచ్చాను. ఇప్పుడు దాని మీద అతని పేరుంది. ప్రొఫెసర్ మెచ్చుకోగానే నా వైపు చూపించి, నాకు చెల్లెలి లాంటిది, కొంచెం హెల్ప్ చేసిందని ఇంగ్లీషులో చెప్పాడు. చెల్లెలట!

అతనికి తెలియనిది ఒకటుంది. ఆ మాట జర్మన్ నుంచి వచ్చిందని ఆ వ్యాసంలో రాసింది నా తొలి ఊహ మాత్రమే. జర్మన్లకంటే ముందే డచ్‌వాళ్ళు వాడినట్టు ఆ తర్వాత నాకు ఆధారం దొరికింది.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, రేపు కాన్ఫరెన్స్‌కి పంపించేస్తున్నా. ఏమైనా మార్చాలా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే అదీ అతని పేరు మీదే పోతుంది.

"ఏం అక్కర్లేదన్నా, చాలా బాగుంది" అన్నాను.

శనివారం కూరగాయలకు మళ్ళీ అతని కార్‌లోనే వెళ్ళాలి. ముఖం ఎలా పెట్టుకోవాలో...

అయినా సరే, కాన్ఫరెన్స్‌లో ముందు వరుసలోనే కూర్చుంటాను. ప్రశ్నలు అడగమన్నప్పుడు మొదట లేచే చెయ్యి చెల్లెలిదే.