తమ్ముడి కారు బ్రేకు లైటు

జూన్ 9, సోమవారం

తమ్ముడికి ఫోను చేసి వాడి మోకాలు, మరదలి షుగరు, మనవరాలి దగ్గు వరసగా అడిగాను. అందరూ బాగున్నారట.

“మరి నిన్న రాలేదేం రా?” అన్నాను.

“కారు బ్రేకు లైటు మళ్ళీ పోయిందక్కా. కొత్తగా వేయించిన ఎల్‌ఈడీ బల్బు నెల కూడా నిలవలేదు. లోపలికి ఉప్పునీళ్ళు దిగినాయని మెకానిక్ చెప్పినాడు. మీ మైపాడు సముద్రపు గాలి అట్టాంటిది.”

గాలి కాదు. వాడు చిల్లకూరు నుంచి వచ్చి, అన్నం తిని కునుకు తీసినప్పుడల్లా మా ఉప్పు బోరు నీళ్ళతో కారు కడిగేది నేనే. దుమ్ముతో పంపడానికి మనసొప్పదు. లైటు వెలగక హైవేలో వెనక లారీ గుద్ది ఉంటే? చెబితే రావడం మానేస్తాడేమో. ఈ ఇంట్లో నన్ను పిలిచే గొంతు వాడిదొక్కటే. అయినా వాడి ప్రాణం తలచుకుని చెప్పేశాను.

వాడు నవ్వాడు. “బకెట్టు చప్పుడుకి నాకు నిద్రెక్కడిదక్కా? ఈసారి కడగబాక. ఊరికే నా పక్కన కూర్చో.”

తెలిసే గాలి మీదికి నెట్టాడన్నమాట.

ఫోను పెట్టాక బకెట్టు దొడ్లో బోర్లించాను. పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో అని ఇప్పటినుంచే దిగులు. నీళ్ళు దిగకుండా లైటుకు కొత్త రబ్బరు వేయించుకుని ఇరవై ఒకటో తేదీ, శనివారం వస్తానన్నాడు.