తొమ్మిదో సీసా

నా బోల్టులు సర్దేశావు మావయ్యా!

షెడ్డులో దుప్పటి పరిచి, ఇంజన్ విప్పిన వరుసలోనే ఒక్కోటీ పేర్చుకున్నాను. నాకు నేర్పినవాళ్లు లేరు, ఆ దుప్పటే నా పుస్తకం. నేను డ్యూటీకెళ్లిన ఒక్క పూటలో అన్నీ ఏరి, సైజులవారీగా పదకొండు సీసాల్లో పోసి పోయావు! నెలాఖరుకి ఈ పాత కారు తనంతట తాను షెడ్డు దాటకపోతే తూకానికి అమ్మేస్తానన్నాడు నాన్న. ఏది ఎక్కడిదో వెంటనే రాయి.

నీ మేనకోడలు

తా.క. దుప్పటి మీద సుద్దతో అంకెలు కూడా వేసుకున్నాను. నువ్వు ఉతికాక మరకలన్నీ వదిలాయని అమ్మ మురిసిపోతోంది.

*

చిరంజీవి కోడలుపిల్లకి మావయ్య దీవెనలు.

మనలో మనకి మెచ్చుకోళ్లెందుకమ్మా! ముప్పయ్యేళ్లు బోల్టుల కొట్టు నడిపిన చెయ్యి, ఊరుకుంటుందా? ఏది ఎక్కడిదో నాకేం తెలుసు, సైజు అడుగు చెప్తాను. ఇంజన్ మూత మీద ఎవరో పిచ్చిగీతలు గీశారు, అవీ రుద్ది మెరిపించాను.

మావయ్య

తా.క. తొమ్మిదో సీసాలో ఒక్కటే పడింది. ఇంకేమైనా విప్పితే అందులో వెయ్యి.

*

మావయ్యా,

ఆ పిచ్చిగీతలు నావే! ఏ వైపు ముందో గుర్తుకి గీసుకున్నవి. ఇక షెడ్డు గడప తొక్కకు. నీటి పంపుకి ఒకే రకం బోల్టులు ఎనిమిది కావాలి. నాలుగో సీసాలో ఏడే ఉన్నాయి. ఎనిమిదోది ఏం చేశావు?

మేనకోడలు

తా.క. ‘మా అన్నయ్య పనితనం చూసి నేర్చుకో’ అంటోంది అమ్మ.

*

కోడలుపిల్లా,

ఎనిమిదోది తొమ్మిదో సీసాలో ఉంది. పొడుగుది. నువ్వు ఒళ్లో పిల్లవప్పుడు మీ నాన్న పంపు బోల్టు ఒకటి పోయిందని నా కొట్టుకి వచ్చాడు. సరైనది అయిపోయింది. ‘ఇదే పట్టేస్తుందిలే బావా’ అని పొడుగుది అంటగట్టాను. అది రంధ్రం అడుగు తగిలి ఆగిపోయింది, పంపు బిగియలేదు. నీళ్లు కారి, ఇంజన్ మరిగి, కారు మూలన పడింది. మొన్న సర్దుతుంటే చేతికి తగిలింది. చెప్పడానికి నోరు రాక దుప్పటి ఉతికాను. సరైనది ఈ కవర్లో పెట్టాను.

మావయ్య

తా.క. మీ నాన్నకి తెలియనివ్వకు.

*

మావయ్యా,

కవరు బరువుగా ఉందని విప్పింది నాన్నే. చదివి, ‘ఇరవయ్యేళ్లు నాకే చేతకాలేదనుకున్నానే’ అని స్పానరు పట్టుకుని షెడ్డులోకొచ్చాడు. ఆ బోల్టు ఆయనే బిగించాడు. చుక్క కారలేదు. మిగతావి నీ సీసాల్లోంచే ఒక్కోటీ పెట్టి చూసి ఇద్దరం బిగించాం. నిన్న ఇంజన్ పలికింది. నాన్న స్టీరింగు వదిలితే ఒట్టు!

ఆదివారం పదింటికి కారు షెడ్డు దాటుతుంది. నువ్వు ఆయన పక్కన కూర్చుని ఆ పొడుగు బోల్టు సంగతి నీ నోటితో చెప్పాలి. వస్తున్నావో లేదో శుక్రవారంలోగా రాయి.

మేనకోడలు

తా.క. అన్నీ బిగించాక మూడు మిగిలాయి. నాన్నకి చెప్పలేదు. అవి ఎక్కడివో కూడా శుక్రవారంలోగానే చెప్పు.