అక్క పంపిన విశ్రాంతి

అక్కా,

నా బీపీ తగ్గాలని నువ్వు పంపిన రిలాక్సేషన్ ఆడియో నిన్న పెట్టుకుని, హాల్లో చాప మీద పడుకున్నాను. ఆ గొంతు భుజాలు వదిలెయ్యమంటూ ఉండగానే మీ మరిది స్క్రూడ్రైవర్ కోసం వచ్చారు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"మాట్లాడకుండా మీరూ పడుకోండి" అన్నాను.

ఆ గొంతు మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఆయన గురక పెడుతున్నారు. లారీ ప్రమాదంలోంచి బయటపడ్డప్పటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదని నీకు తెలుసు. ఇక నేనెలా పడుకోను? కుక్కర్ ఆపాను, కాలింగ్‌బెల్ తీగ పీకాను, పై వాటాలో డ్రిల్లింగ్ చేస్తున్నవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పని ఆపించాను. మూడు గంటలు గుమ్మంలో కాపలా కాశాను.

సాయంత్రం చూసుకుంటే బీపీ ఇంకా పెరిగింది. బావగారికి చెప్పకు, కంగారుపడతారు. ఆ ఆడియో ఆయనకు రోజూ పెడతాను. నాకు మాత్రం నిలబడి వినేది ఏదైనా ఉంటే పంపు.

నీ చెల్లి