నీ పేరున ఉన్న ఇల్లు

బాపూ,

మన ఇల్లు మనకే దక్కింది. ఇవాళ కామారెడ్డి కోర్టులో తీర్పు వచ్చింది.

నువ్వున్నప్పుడు ఏటా ఇంటిపన్ను అందరికంటే ముందే కట్టి, రసీదు దేవుడి పటం వెనక పెట్టేవాడివి. నువ్వు పోయాక మాకెవరికీ ఆ సంగతే తట్టలేదు. బకాయి ఉందని ఆఫీసువాళ్లు ఇల్లు వేలం వేశారు. కొన్నాయన తాళం పట్టుకుని వచ్చేదాకా మాకు తెలియదు. నోటీసు నీ పేరున పంపారట. చనిపోయిన మనిషికి నోటీసిస్తే ఇచ్చినట్టు కాదని, ఇంటివాళ్లకు చెప్పకుండా అమ్మడం తప్పని జడ్జిగారు ఆ వేలం కొట్టేశారు.

కొన్నాయన కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. అవ్వ తన సీసాలో నీళ్లు ఇచ్చి, "నీ తప్పేం లేదు బిడ్డా" అంది.

బకాయి కట్టేశాం. ఇక నీ పేరు తీయించి అవ్వ పేరు ఎక్కించుకోమని వకీలు చెప్పారు. "ఇంటి మీద ఆయన పేరన్న ఉండనియ్యి" అని ఇన్నాళ్లూ అడ్డం పడింది అవ్వే. ఈసారి కాదనలేదు. ఎల్లారెడ్డి బస్సు లింగంపేట దాటాక నా చేయి పట్టుకుంది.

"చెప్పకుండ తీసుడు తప్పన్నడు గద జడ్జి. మీ బాపుకు ముందుగాల చెప్పు."

అందుకే రాస్తున్నాను. సోమవారం నీ పేరు తీయిస్తున్నాం.