రేడియోలో పంతొమ్మిది సార్లు

చిరంజీవి మేనల్లుడికి,

మీ అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. కళ్ళజోడు మార్చాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ఇక విషయానికి వస్తాను. మొన్న ఆదివారం నీ ఫుట్‌బాల్ మ్యాచ్ తొంభై నిమిషాలూ రేడియో చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో తెలుసా? రెండు సార్లు! మొదట ఆటగాళ్ళ జాబితా చదివినప్పుడు ఒకసారి. అది వాళ్ళకి చెప్పక తప్పదు. రెండోసారి ఎందుకన్నారో జనం నవ్వుల్లో వినపడలేదు. అది కూడా నేను పెట్టిన పేరు కాదు, ఆ "గడియ" అన్న పేరు. తలుపుకి గడియ వేసినట్టు నువ్వు ఎవర్నీ గోల్ దాకా రానివ్వవని కదా ఆ పేరు పెట్టారు! రానివ్వనప్పుడు ఆ ముక్క రేడియోలో చెప్పడానికి నోరు రాదా? మీ ఫార్వర్డ్ పేరు మాత్రం ముప్ఫై నాలుగు సార్లు చెప్పారు. అతను బంతి వదిలేసినా చెప్పారు, జుట్టు సవరించుకున్నా చెప్పారు.

ఎదురింటి మందుల షాపాయన ప్రతి ఆదివారం నా రేడియో వినడానికి వస్తాడని తెలుసుగా. "అమ్మా, మీవాడు నిజంగా ఆడుతున్నాడా, లేక అక్కడ బట్టలు మడతపెట్టే పనిలో ఉన్నాడా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను నోటికొచ్చింది మాట్లాడటం లేదు. నువ్వు ఈ క్లబ్బులో చేరిన రోజు నుంచి, పదకొండేళ్ళుగా, ప్రతి మ్యాచ్‌కీ నీ పేరు ఎన్నిసార్లు వస్తే అన్ని గీతలు నా కొలతల పుస్తకంలో పెడుతూ వచ్చాను. జ్వరమొచ్చిన రోజు కూడా మానలేదు. నీకు అన్యాయం జరుగుతోంది. ఆ కోచ్ నిన్ను రేడియోకి కనపడని మూలన నిలబెడుతున్నాడు.

ఇట్లు,
ఒళ్ళు మండుతున్న మీ అత్తయ్య.

తా.క.: క్లబ్బు వాళ్ళిచ్చిన నిక్కరు వదులుగా ఉందన్నావుగా, కొత్త ఎలాస్టిక్ వేసి పంపాను. బాగా పనికొచ్చిందా?



అత్తయ్యకి నమస్కారాలు.

ఉత్తరం చివరిదాకా చదివాను. ప్రమాణం చేస్తున్నాను.

అత్తయ్యా, నా పేరు వినపడలేదంటే నేను బాగా ఆడానని అర్థం. డిఫెండర్ బతుకు అంతే. ఫార్వర్డ్ గోల్ కొడితే వాడి పేరు చెబుతారు. అవతలి ఫార్వర్డ్ గోల్ కొట్టలేకపోతే, "అబ్బా, ఈ రోజు ఇతనికి కలిసిరాలేదు" అని మళ్ళీ వాడి పేరే చెబుతారు. ఎందుకు కలిసిరాలేదని ఎవరూ అడగరు. నేను అడ్డంగా నిలబడ్డాను కాబట్టి కలిసిరాలేదు. నా పేరు పదేపదే వినపడిందంటే మాత్రం కొంప మునిగినట్టే.

నీతో చెప్పకూడదనుకున్నాను గానీ, నా కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతుంది. ఇంకా రెండు మ్యాచ్‌లే ఉన్నాయి. నాకు ముప్ఫై మూడేళ్ళు, ఎడమ మోకాలికి మాత్రం అరవై. ఈ ఏడాది వచ్చిన కొత్త కోచ్ అన్నీ లెక్కల్లో చూస్తాడు: ఎంత దూరం పరిగెత్తారు, ఎన్నిసార్లు కాలు అడ్డం పెట్టి బంతి లాక్కున్నారు. నేను పడి దొర్లే రకం కాదు. బంతి ఎక్కడికి వస్తుందో చూసుకుని ముందే అక్కడ నిలబడతాను. ఆయన కాగితంలో నిలబడటానికి గడి లేదు. నన్ను ఉంచుకోవాలో పంపించెయ్యాలో సీజన్ అయ్యాక చెబుతానన్నాడు. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదని నీకు తెలుసు. నీకు దణ్ణం పెడతాను, ఈ మధ్యలో నువ్వేమీ చెయ్యకు.

ఇట్లు,
నీ మేనల్లుడు.

తా.క.: ఎలాస్టిక్ సంగతి అడిగావు. అరవై ఎనిమిదో నిమిషంలో తెగింది. రేడియోలో నా పేరు రెండోసారి వచ్చింది అప్పుడే.



చిరంజీవి మేనల్లుడికి,

నా బంగారు తండ్రీ! పంతొమ్మిది! నిన్న పంతొమ్మిది సార్లు! గీతలు పెట్టీ పెట్టీ పెన్సిల్ ముక్కు విరిగితే, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో పెట్టాను. రెండో సగంలో అయితే "గడియ... గడియ... అయ్యయ్యో గడియ!" అని ఆ చెప్పేవాడి గొంతు పూడుకుపోయింది. నీ మీద ఎంత అభిమానం లేకపోతే అంతలా కదిలిపోతాడు! పదకొండేళ్ళలో ఇన్ని గీతలు ఎప్పుడూ లేవు.

వీధిలో అందరికీ చాక్లెట్లు పంచాను. మందుల షాపాయన కూడా ఒకటి తీసుకున్నాడు. పాపం, నన్నొకసారి జాలిగా చూశాడు. ఓడిపోయినవాళ్ళ చూపు అలాగే ఉంటుంది మరి.

పేరు వినపడకపోవడమే గొప్ప అని రాశావు. నువ్వు చిన్నప్పుడు కూడా ఇలాగే, లెక్కల్లో సున్నా వస్తే "మా మాస్టారు తప్పులకి మార్కులు వేస్తారు" అని నన్ను నమ్మించావు. నేను అప్పటి అత్తయ్యని కాదు. మిగిలిన శాటిన్ గుడ్డతో రాత్రికి రాత్రే ఒక బ్యానర్ కుట్టి మీ క్లబ్బుకి పార్సిల్ చేశాను. అక్షరాలు ఎంబ్రాయిడరీ.

ఇట్లు,
గర్వంతో నేల మీద నిలవలేని మీ అత్తయ్య.

తా.క.: ఇంతకీ మ్యాచ్ ఏమైంది? గీతల ధ్యాసలో గోల్స్ సంగతి పట్టించుకోలేదు, చివర్లో స్కోరు చెప్పే వేళకి చాక్లెట్లు కొనడానికి పరిగెత్తాను.



అత్తయ్యకి,

నాలుగు - సున్నా. సున్నా మనది.

నీ మొదటి ఉత్తరం చదివాక నాకూ రోషం వచ్చింది. పదకొండేళ్ళుగా ఒక మూలన నిలబడ్డాను, ఒక్కసారి నా పేరు మోగనీ అనుకున్నాను. నా చోటు వదిలేసి బంతి వెనకాల పడ్డాను. అవతల ఇరవై ఏళ్ళ కుర్రాడు, మోకాళ్ళు రెండూ కొత్తవి. "గడియ వెనకబడ్డాడు, గడియ జారాడు, గడియ ఎటు చూస్తున్నాడు" - నువ్వు పెట్టిన గీతలు ఇవి. ఆ వ్యాఖ్యాత గొంతు పూడుకుపోయింది నవ్వాపుకోలేక.

కోచ్ నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంక ఒక్క మ్యాచ్ ఉంది, అదీ మూడు వారాల తర్వాత. దానికి నన్ను బెంచీ మీద కూర్చోమన్నాడు.

నిన్ను తప్పు పట్టడం లేదు. బుద్ధి లేక నేనే చేశాను. కానీ దయచేసి ఇంక ఏమీ చెయ్యకు.

ఇట్లు,
నీ మేనల్లుడు.

తా.క.: బ్యానర్ అందింది. "పంతొమ్మిది సార్లు! శభాష్ గడియ!" అని ఎంబ్రాయిడరీ చాలా బాగుందట. దుస్తులు మార్చుకునే గదిలో, సరిగ్గా నా బీరువా పైన తగిలించారు. గోల్‌కీపర్ రోజూ దానికి సెల్యూట్ చేస్తున్నాడు.



చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను తొక్కలేదు. మూడో రోజు మా వీధి బడి హెడ్మిస్ట్రెస్ గారు తన గౌను తెచ్చి బల్ల మీద పడేశారు. "అంచు ఊడింది. ఎవరమ్మా కుట్టింది ఇది?" అన్నారు. ఏడేళ్ళ కిందట నేనే కుట్టాను. ఈ ఏడేళ్ళలో ఆవిడ వారానికి రెండుసార్లు ఆ గౌను వేసుకుని నా ముందు నుంచే వెళ్ళారు. అంచు గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు. పట్టు వదిలిన రోజున నా పేరు అడిగారు.

ఆ అంచు మళ్ళీ కుడుతుంటే అప్పుడు వెలిగింది రా. నలభై ఏళ్ళుగా నేను చేసే పని కూడా అదే. కుట్టు పైకి కనపడకూడదని కళ్ళు పొడుచుకుంటాను. నువ్వు చేసే పనేమిటో నాకు పదకొండేళ్ళు పట్టింది అర్థం కావడానికి. నన్ను క్షమించు.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, కూర్చుని చదువు. ఇది అర్థం కాకముందు, పంతొమ్మిది గీతలు పెట్టిన మర్నాడే, మీ కోచ్‌కి ఒక ఉత్తరం రాశాను. "అయ్యా, మా మేనల్లుడిని పదకొండేళ్ళుగా ఎంత నిర్లక్ష్యం చేస్తున్నారో ఈ పుస్తకంలో సాక్ష్యం ఉంది. చాలా మ్యాచ్‌లలో రెండు మూడు గీతలకి మించి లేవు. నిన్న ఆదివారం మాత్రం మనసు పెట్టి ఆడించారు. ఇక నుంచి ప్రతి వారం అలాగే ఆడించవలసిందని ప్రార్థన" అని రాసి, పుస్తకం కూడా జత చేశాను. రిజిస్టర్డ్ పోస్టు. వెనక్కి తెప్పించడానికి పోస్టాఫీసుకి పరిగెత్తాను గానీ అప్పటికే చేరిపోయిందన్నారు.

ఇట్లు,
తలెత్తుకోలేని మీ అత్తయ్య.

తా.క.: అది నా కొలతల పుస్తకం కదా, మధ్య మధ్యలో వీధిలో వాళ్ళ కొలతలున్నాయి. అవి పట్టించుకోవద్దని మీ కోచ్‌కి చెప్పు. ముఖ్యంగా హెడ్మిస్ట్రెస్ గారివి.



అత్తయ్యకి,

కోచ్ నన్ను తన గదికి పిలిచాడు. బల్ల మీద నీ పుస్తకం. పక్కన లెక్కలు చూసే అసిస్టెంటు, చేతిలో పెన్ను. "ఇదేదో రహస్య భాషలా ఉంది. మూడో పేజీలో 'నడుము ముప్ఫై ఎనిమిది, భుజం దిగింది, ఎడమ పక్క పట్టీ వెయ్యాలి' అని ఉంది. ఇది నీ గాయం గురించేనా?" అని అడిగాడు. కాదండీ, అది బేకరీ ఆయన కోటు అన్నాను. అసిస్టెంటు రాసుకున్నదంతా కొట్టేశాడు. నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

కోచ్ నవ్వలేదు. "పదకొండేళ్ళూ ఒక్కరే రాశారా?" అన్నాడు. అవునన్నాను. పుస్తకం సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు, ఇంక వెళ్ళమన్నాడు.

అత్తయ్యా, నాకు కోపం వచ్చింది. చెప్పకుండా ఉండలేను. నన్ను ఎవరూ పట్టించుకోరని నేను ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నాను. నువ్వు దాన్ని తేదీలతో సహా రాసి, సంతకం పెట్టి, నన్ను తీసెయ్యాలా వద్దా అని చూస్తున్న మనిషికే రిజిస్టర్డ్ పోస్టులో పంపావు. నా పని అయిపోయింది. ఏదైనా ఉద్యోగం ఉంటే మందుల షాపాయన్ని అడుగు. మడతపెట్టడం వచ్చు.

ఆదివారం ఆఖరి మ్యాచ్. మా రెండో డిఫెండర్‌కి జ్వరమట, నన్నే దిగమన్నారు. వినాలనిపిస్తే విను. నేను నా చోట నిలబడతాను, అంతే.

ఇట్లు,
నీ మేనల్లుడు.

తా.క.: కోపం పోయాక ఒక మాట. జ్వరమొచ్చిన రోజు కూడా గీతలు పెట్టావా?



చిరంజీవి మేనల్లుడికి,

పెట్టాను. థర్మామీటరు నోట్లో పెట్టుకుని.

ఆదివారం విన్నాను. ఈసారి గీతలు పెట్టడానికి పుస్తకం లేదు, బల్ల మీద సుద్ద పట్టుకుని కూర్చున్నాను. జాబితా చదివినప్పుడు ఒక గీత. తర్వాత పది నిమిషాలు, ఇరవై, సగం ఆట... నీ పేరు లేదు. పోయినసారి నిన్ను పరిగెత్తించిన ఆ కుర్రాడిని మించిన ఫార్వర్డ్ ఒకడున్నాడట అవతల జట్టులో, "ఎందుకో ఇతనికి ఈ రోజు కలిసిరావడం లేదు" అన్నారు. నేను మందుల షాపాయన భుజం మీద ఒక్కటి చరిచి "ఎందుకో తెలుసా? మావాడు అక్కడ నిలబడ్డాడు!" అన్నాను. ఆఖరి విజిల్ దాకా నీ పేరు చెప్పలేదు. ఒకటి - సున్నా. ఆ సున్నా నీది రా. నేను ఏడ్చాను. ఆయన ఆ రోజు తన డబ్బాలోంచి దగ్గు బిళ్ళలు తీసి వీధంతా పంచాడు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పొద్దున్న కొట్టు ముందు కారు ఆగింది. పొడుగాటి మనిషి దిగాడు. ఎవరో కోటుకి వచ్చారనుకుని టేపు తీసుకుని భుజాలు కొలిచేశాను. కొలుస్తుండగా, తాను మీ కోచ్‌నన్నాడు. వచ్చినవాళ్ళని వదలను కదా, నడుము కూడా కొలిచాను. నలభై ఒకటి.

నా పుస్తకాన్ని ఆయన పదకొండేళ్ళ స్కోర్ల పక్కన పెట్టి చూశాడట. నీ పేరు మూడు సార్లు గానీ, అంతకంటే తక్కువ గానీ వచ్చిన మ్యాచ్‌లు నూట డెబ్బై రెండు. వాటిలో మీ జట్టు ఓడినవి తొమ్మిది. "అమ్మా, మా దగ్గర పరుగుకి లెక్క ఉంది, తన్నుకి లెక్క ఉంది. నిశ్శబ్దానికి లెక్క రాసినవాళ్ళు మీరొక్కరే" అన్నాడు. నీకు అన్యాయం జరిగిందని చూపించడానికి రాసిన పుస్తకం అది. అదే నిన్ను నిలబెట్టింది. టేపు మెళ్ళో వేసుకుని, కొలిచినందుకు డబ్బులు వద్దన్నాను. నా సంగతి నీకు తెలుసు కదా, అది ఎంత అరుదో.

సోమవారం నిన్ను పిలిచి కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటాడు. ఒక ఏడాది. నీకు ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకుని వెళ్ళు. నా మీద కోపంగా ఉన్నావన్న సంగతి మాత్రం ఇక్కడితో మర్చిపో. నేను మర్చిపోయాను.

ఇట్లు,
ఎప్పటికీ నీ పక్షమే అయిన మీ అత్తయ్య.

తా.క.: ఆ బ్యానర్ దింపించకు. కింద ఇంకో వరస ఎంబ్రాయిడరీ చేస్తాను: "ఆదివారం: ఒక్కసారి!"

మళ్ళీ తా.క.: చెప్పడం మర్చిపోయాను. ఇక నుంచి ప్రతి మ్యాచ్‌కీ మైదానం పక్కన అద్దాల గదిలో కూర్చుని మీ డిఫెండర్లు నలుగురికీ గీతలు పెట్టమని నన్ను కూడా క్లబ్బులోకి తీసుకున్నాడు. మిషను కూడా తెచ్చుకోవచ్చట. అందరి ముందూ అత్తయ్యా అని పిలవకు, బాగుండదు. ఇంకో మాట, దీనికి నువ్వు బాధపడకూడదు. నాది రెండేళ్ళ కాంట్రాక్టు. నా మోకాళ్ళు చూశాడు మరి.