గడ్డి మీద చాప

శుక్రవారం రాత్రి, దోహా, 1998

కళ్ళు మూసుకున్నా పచ్చగానే ఉంది. ఇవాళ సల్వాని కొత్త గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్ళాను, శిక్షణ స్కాలర్‌షిప్ ఎంపికకి. వచ్చినవాళ్ళలో నల్లజాతి పిల్ల మా పక్క ఫ్లాట్ సూడాన్ వాళ్ళ సల్వా ఒక్కతే.

రెండేళ్ళుగా నేను తనకి ఆట నేర్పింది మా కంపెనీ వాళ్ళ ఇసుక గోల్ఫ్ మైదానంలోనే. అక్కడ బంతి కింద ప్లాస్టిక్ గడ్డి చాప ముక్క వేసుకుని కొడతాం. ఆ అలవాటుతో ఇవాళ నిజం గడ్డి మీద కూడా చాప పరిచేసింది. పిల్లలంతా ఘొల్లున నవ్వారు.

"చాప తీసేసి కొట్టు," అన్నాడు కోచ్.

సల్వా నావైపు తిరిగింది. "గడ్డికి దెబ్బ తగలదా ఆంటీ?"

నేనూ గడ్డి మీద ఎన్నడూ ఆడలేదు. "యల్లా, కానీ, కొట్టమ్మా," అన్నాను.

కొట్టింది. బంతి తేలుతూ పోయి ఆకాశంలో కరిగిపోయినట్టయింది. అందరూ అటే చూస్తుంటే, సల్వా మాత్రం లేచిపోయిన గడ్డిపెళ్ళ ఏరుకొచ్చింది. మా ఇసుకలో వెనక వచ్చేవాళ్ళ కోసం అడుగులు చదును చేసినట్టే, దాన్ని గుంటలో పెట్టి అరచేత్తో అద్దింది. కోచ్ నవ్వలేదు. చాలాసేపు ఆ చేతినే చూశాడు...

ఏమనుకున్నాడో. ఫలితం ఇంకా చెప్పలేదు.

చాప నా కారులోనే మరిచిపోయి వెళ్ళింది. మళ్ళీ అడిగే అవసరం తనకి రాకుండా ఉంటే బాగుండును.