సూరత్‌కి రెండున్నర గంటలే

ఏవండీ,

మీరు పోయాక ఈ ఏడాదిలో మొదటి మంచి కబురు ఇది. సుజాతకి సూరత్ సంబంధం వచ్చినప్పుడు మీరేమన్నారు? "పిల్లకి ఏటైనా అయితే రెండ్రోజులు రైల్లో కూకుని దండాలెట్టుకోడమే." ఆ భయం నాకు అంటుకునే ఉంది.

నిన్న పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, సుజాతకి సాయంత్రమే ఆపరేషనంట. అమ్మ రాకపోతే లోపలికి ఎల్లనని ఏడుస్తంది." టికెట్ కూడా తనే తీశాడు.

మన అప్పడాల కొట్టు మూసేసి, బరంపురం నుంచి టాక్సీలో భువనేశ్వర్ విమానాశ్రయానికి పరిగెత్తాను. అక్కడి నుంచి సూరత్ పదమూడు వందల కిలోమీటర్ల పైనేనట, అయినా రెండున్నర గంటల్లో దింపేస్తారట. కంగారులో రైలుకి సర్దినట్టే సర్దాను, సంచీని సీటుకి కట్టే గొలుసూ తాళంతో సహా. తనిఖీ చేసే అమ్మాయి మన తెలుగు పిల్లే.

"ఇదేటి పిన్నీ?"

"సంచీ ఎవులైనా పట్టుకుపోతేనో?"

"ఆకాశంలో ఎక్కడికి దిగి పారిపోతాడు పిన్నీ!" అని పకపకా నవ్వింది.

ఆపరేషన్‌కి ముందే ఆస్పత్రిలో ఉన్నాను. స్ట్రెచర్ మీద సుజాత నన్ను చూసి, "నిన్ననే బయల్దేరిపోయావేటే అమ్మా?" అంది.

"లేదే, ఇయ్యాల పొద్దున్నే."

తలుపు దాకా నా చెయ్యి పట్టుకుంది. అక్కడ తనే వదిలేసింది.

మనవరాలండీ. తల్లీ పిల్లా కులాసా. ముక్కు మాత్రం అచ్చం మీదే. ఆడపిల్లకి అంత ముక్కు ఎలాగో ఏమో!